చీకటి దినములలో జడ్సన్

గోదావరిఖని, రామగుండము ప్రాంతపు బొగ్గుబాయి కాలనీలలో దిగులునకు ఒక వేళ యున్నది. షిఫ్టు ముగిసినట్లు సైరను మ్రోగిన తరువాత, మనిషి ఇల్లు చేరువరకు గల వేళ యది. తట్టా చెమ్మసు పట్టిన తరము నుండి యంత్రములు నడపు తరము వరకు, గడపలో నిలుచుండి త్రోవవైపు చూచు ఇల్లాండ్రకు ఆ కొద్దిసేపే దీర్ఘమైనది. ఇది పైకి కనిపించు దిగులు. ఇరుగుపొరుగువారు దీని నెరుగుదురు, పంచుకొందురు. పైకి కనిపించనిది మరియొకటి కలదు. ప్రమాదమేదియు జరుగకున్నను, ఇంట తిండికి కొదువ లేకున్నను, దీపము ఆరిన బాయిలో చిక్కినవానివలె మనస్సు త్రోవ తెలియక నిలిచిపోవును. నేటి వైద్యులు దానికి డిప్రెషన్ అని పేరు పెట్టిరి.

క్రైస్తవ కుటుంబములలో ఈ రెండవ దిగులు మరింత మూగది. విశ్వాసియైనవాడు కుంగరాదనియు, కుంగినచో వాని ప్రార్థనలో ఎచ్చటనో లోపమున్నదనియు తలచుట యొక వాడుకగా వచ్చినది. ఆదివారము నాడు అందరితో కలిసి కీర్తనలు పాడి, ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పండుకొనువాడు తన బాధను పాస్టరుగారికి సైతము చెప్పుకొనజాలడు. చెప్పినచో ఉన్న వ్యాధికి తోడు అవిశ్వాసి యను పేరు వచ్చునని భయము. అట్టివాడు వినదగిన జీవితమొకటి పూర్వము బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డున, బర్మా దేశమున గడచినది. అది అదోనిరాం జడ్సన్ జీవితము. బర్మా భాషలోనికి బైబిలును తెచ్చినవాడుగా, ఆవా చెరసాలలో సంకెళ్లు మోసినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. ఆ రెండు ఘనకార్యముల నడుమ మూడేండ్ల చీకటి యొకటి కలదు. ప్రసంగములలో దానిని రెండు మాటలతో దాటివేయుట పరిపాటి. అసలు చూడవలసినది అచ్చటనే.

జడ్సన్ 1788వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మాల్డెన్ గ్రామములో జన్మించెను. తండ్రి పాదిరి, కఠినుడు, కుమారుడు గొప్పవాడు కావలెనను పట్టుదల గలవాడు. మూడేండ్ల ప్రాయముననే బాలుడు చదువ నేర్చెను. 1807లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున తరగతిలో ప్రథముడుగా పట్టము పొందెను. అచ్చట జేకబ్ ఈమ్స్ అను మిత్రుడొకడు ఆయన విశ్వాసమును కదలించెను. దేవుడున్నను మానవుల గోడు పట్టించుకొనడను మతము ఈమ్స్‌ది. జడ్సను దానిని అంగీకరించి, ఇంట తల్లిదండ్రులకు చెప్పి, వారిని ఏడిపించి దేశసంచారమునకు బయలుదేరెను.

ఒకనాటి రాత్రి ఆయన పల్లెటూరి పూటకూళ్లయింట బస చేసెను. ప్రక్కగదిలో ఎవరో చావు బ్రతుకులలో నుండిరి. ఆ మూలుగు వినుచు జడ్సను నిద్ర లేక రాత్రి గడపెను. తెల్లవారి విచారింపగా ఆ మనిషి మరణించెననియు, ఆతడు జేకబ్ ఈమ్సే యనియు తెలిసెను. ఈ వృత్తాంతము ఆయన జీవిత చరిత్రలన్నిటను కలదు. ఆ కుదుపుతో జడ్సను ఇంటిదారి పట్టి, ఆండోవర్ వేదాంత కళాశాలలో చేరి, 1808 డిసెంబరులో తన్నుతాను దేవునికి సమర్పించుకొనెను. ఇచ్చట గమనింపవలసినది యేమనగా, ఆయన విశ్వాసము మెత్తని పరుపుపై పుట్టినది కాదు. మృత్యువు గోడకు ఆవలనుండి మూలుగుచుండగా పుట్టినది. ఆ మూలుగు ఆయన చెవులనుండి ఎన్నడును పూర్తిగా తొలగినట్లు కనబడదు.

1812 ఫిబ్రవరి 5న ఆయన ఆన్ హాసెల్టీన్‌ను వివాహమాడెను. రెండు వారములు గడచునంతలో దంపతులు ఓడ యెక్కిరి. అమెరికానుండి విదేశములకు బయలుదేరిన తొలి మిషనరీలలో వారు ఉండిరి. జూన్ నెలలో కలకత్తా చేరిరి. దారిలో గ్రంథపఠనము వలన బాప్తిస్మమును గూర్చి అభిప్రాయము మారి, సెప్టెంబరులో అచ్చట బాప్టిస్టులైరి. తమ్ము పంపిన సంఘముతో దీనివలన బంధము తెగినది. ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలను సహించరైరి, దేశము విడువుమనిరి. మారిషస్ ద్వీపమునకు పోయి, అచ్చటనుండి 1813 జూన్ నెలలో మద్రాసు రేవున దిగిరి. కంపెనీవారు మరల పట్టుకొనకముందే బయటపడవలెను. రేవులో సిద్ధముగా నున్న ఓడ రంగూను పోవునది. అందులో ఎక్కిరి. ఆ ప్రయాణములోనే వారి మొదటి బిడ్డ ప్రాణము లేక పుట్టెను.

1813 జూలై 13న రంగూను చేరిరి. మన వారికి ఆ రేవు క్రొత్తది కాదు. తరువాతి కాలమున కోరంగి రేవునుండి పోయిన తెలుగు కూలీలను అచ్చట కోరంగీలనియే పిలిచిరి. అంతకు పూర్వమే దక్షిణ బర్మాలోని మోన్ జాతివారికి తలైంగులను పేరుండెను. ఆ మాట తెలింగ శబ్దమునుండి వచ్చినదని కొందరు పండితులు తలచిరి, కొందరు కాదనిరి. ఏమైనను జడ్సను బ్రతుకులో అత్యంత దుఃఖకరమైన భాగము గడచినది ఆ తలైంగుల సీమలోనే.

రంగూనులో భాష నేర్చుటకే సంవత్సరములు పట్టెను. మన యూరి చావడివంటి జయత్ ఒకటి బాట ప్రక్కన కట్టి, 1819లో అందు కూర్చుండి వచ్చుపోవువారితో మాటలాడ నారంభించెను. ఆ సంవత్సరము జూన్ 27న మాంగ్ నా యను మొదటి శిష్యునికి బాప్తిస్మమిచ్చెను. ఆరేండ్ల శ్రమకు ఒక్క మనిషి! ఈ నడుమ 1815లో పుట్టిన కుమారుడు రోజర్ ఎనిమిది నెలలకే పోయెను. 1823 నాటికి క్రొత్త నిబంధన బర్మా భాషలో సిద్ధమయ్యెను.

1824లో ఆంగ్లేయులకును బర్మావారికిని యుద్ధము మొదలయ్యెను. అప్పటికి జడ్సను దంపతులు రాజధానియైన ఆవాలో నుండిరి. తెల్లనివారందరును గూఢచారులే యను అనుమానముతో జూన్ 8న రాజభటులు వచ్చి, ఆయనను నేలపై పడవేసి, త్రాళ్లతో బిగించి కొనిపోయిరి. ఆ చెరసాలకు లెట్ మ యూన్ అని పేరు. చేయి వెనుదీయకుమని దాని యర్థము. కాళ్లకు ఇనుప సంకెళ్లు. రాత్రివేళ ఖైదీల కాళ్లనడుమ వెదురుబొంగు దూర్చి పైకి లాగెడివారు. భుజములు మాత్రము నేలకు ఆనుచుండెను. ఆయన స్వభావముచేత మిక్కిలి శుచియైనవాడు. ఆ మురికి ఆయనకు సంకెళ్లకంటె బరువయ్యెను. ప్రతిదినము మధ్యాహ్నము మూడు గంటలకు తలారి లోనికి వచ్చి, ఆనాడు చావవలసినవారిని మాటలేక వేలితో చూపి కొనిపోవుచుండెను. ఆ గంట సమీపించునప్పుడు చెరసాలయంతయు నిశ్శబ్దమయ్యెడిది. నెలల తరబడి దినమునకొకమారు ఆ మూడు గంటల కొరకు ఎదురుచూచిన మనస్సు, విడుదలయైన పిదప ఒక్కనాటితో కుదుటపడునా?

వెలుపల ఆన్ గర్భవతియయ్యు దినదినము అధికారుల యిండ్ల చుట్టు తిరిగెను. క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఎవరును ఆశపడని గట్టి తలగడలో కుట్టి భర్తకు పంపెను. ఆయన దానిపై తల పెట్టుకొని నిద్రించెను. రాజునకు కానుకగా వచ్చిన సింహమొకటి తిండి లేక చెరసాల ఆవరణలో చచ్చినప్పుడు, ఆ ఖాళీ బోనులో జ్వరపీడితుడైన భర్తను ఉంచనిండని బ్రతిమాలి ఒప్పించెను. ఊపిరి సలుపుటకు సింహపు బోనే మేలైన చోటు! 1825 జనవరిలో కుమార్తె మరియా పుట్టెను. మే నెలలో ఖైదీలను ఆంగ్‌బిన్‌లే గ్రామమునకు తరిమిరి. అచ్చట ఆన్ జబ్బుపడి పాలు ఎండిపోగా, జడ్సను కావలివారికి లంచమిచ్చి, కాలి సంకెళ్లతో పసిబిడ్డను ఎత్తుకొని, బాలింతల గుమ్మముల ముందు నిలిచి పాలు యాచించెను. 1826 ఫిబ్రవరిలో యాందబో సంధి జరిగెను. వారికి పూర్తి స్వేచ్ఛ లభించెను.

కుటుంబము అమ్హర్స్ట్ అను క్రొత్త పట్టణమునకు చేరెను. ఆంగ్ల రాయబారి క్రాఫర్డ్ ఆవాకు పోవుచు, దుబాసిగా రమ్మని జడ్సనును కోరెను. వ్యాపార సంధిలో మతస్వాతంత్ర్యపు షరతు చేర్చుటకు యత్నింతుమన్న ఆశచేత ఆయన జూలైలో బయలుదేరెను. ఆ షరతు సిద్ధింపలేదు. ఆవాలో నుండగా ఒకనాడు నల్లని ముద్రతో ఉత్తరము వచ్చెను. తెచ్చినవాడు బిడ్డ పోయినదని తలచి ఓదార్చెను. జడ్సను తన గదికి పోయి, మరియాను తలచుకొనుచు ముద్ర విప్పెను. పోయినది బిడ్డ కాదు. 1826 అక్టోబరు 24న ఆన్ జ్వరముతో మరణించెను. ఆమెకు ముప్పదియారేండ్లు. ఇరువది నెలలు భర్త ప్రాణము కాపాడినయామె పోవునప్పుడు భర్త దగ్గర లేడు.

జనవరిలో ఆయన తిరిగివచ్చెను. తోటి మిషనరీలైన వేడ్ దంపతులు మరియాను సాకుచుండిరి. తల్లి పోయిన ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, ఆ బిడ్డయు పోయెను. తల్లిప్రక్కనే, హోపియా చెట్టు క్రింద పాతిపెట్టిరి. జూలైలో అమెరికానుండి తండ్రి మరణవార్త వచ్చెను.

అప్పుడు ఆయన కూలిపోలేదు. ఈ విషయమున జనుల ఊహ తరచుగా పొరబడును. చెరసాలలో నిలిచినవాడు, భార్యను పాతిపెట్టి నిలిచినవాడు, ఇక నిలుచుననియే అందరును తలంతురు. కాని దుఃఖము ఋణదాత వంటిది; పని తొందరలో ఉన్నవానిని కొంతకాలము అడుగక, తీరిక దొరికిన వెనుక వడ్డీతో వచ్చి కూర్చుండును. జడ్సను మోల్మీనునకు మకాము మార్చెను, మిషను పనులు చేయుచునే యుండెను. కాని ఆయన నడవడి మారసాగెను. తోటివారితో భుజించుట తగ్గించెను. ఆంగ్ల అధికారుల విందులు మానెను. 1828లో తన విద్యాలయము ఇచ్చిన డాక్టరు బిరుదును బహిరంగముగా వదలుకొనెను. స్వంత ధనమును మిషనునకు ఇచ్చివేసెను. తన్ను పొగడుచు వచ్చిన పాత ఉత్తరములను నాశనము చేయించెను. కీర్తికాంక్షయే తన పాపమనియు, తాను బర్మాకు వచ్చినదియు లోకహితము కొరకా, పేరు కొరకా యనియు తన్నుతాను తొలుచుకొనసాగెను. బిరుదు వదలుట, ధనము పంచుట మన సంప్రదాయమున వైరాగ్యమని మెచ్చుకొనబడును. దూరమునుండి చూచినవారు మెచ్చుకొనియు నుందురు. దగ్గరనుండి చూచిన వేడ్ దంపతులవంటివారికి అది కలతనే కలిగించియుండవలెను.

ఆన్ పోయిన రెండవ సంవత్సరీకము నాడు, 1828 అక్టోబరు 24న, ఆయన ఇల్లు విడిచి అడవియంచున కట్టించుకొన్న గుడిసెకు పోయెను. దగ్గరలో ఒక గోయి త్రవ్వించి, దాని యొడ్డున గంటలకొలది కూర్చుండి, అందు తన దేహము ఎట్లు కుళ్లునో, ఎట్లు మన్నగునో ఊహించుచుండెను. పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి భక్తురాలు మదాం గియోన్ రచనలు ఆయనకు అప్పుడు నిత్యపారాయణము. అహంకారమును పూర్తిగా చంపినగాని దేవుడు దొరకడని ఆయన నిశ్చయము. ఒకమారు నలుబది దినములు కొద్దిపాటి అన్నముతో పులులు తిరుగు అడవిలోనికి ప్రతిదినము పోయి, ఒంటరిగా చదువుకొనుచు, ప్రార్థించుచు, చీకటిపడిన పిదప వచ్చుచుండెను.

ఈ సాధనలు ఆయనకు వెలుగు చూపలేదని స్పష్టముగా చెప్పవలెను. ఆన్ పోయిన మూడవ సంవత్సరీకము నాడు వ్రాసిన ఉత్తరములో ఆయన, దేవుడు తనకు కేవలము అజ్ఞాతుడనియు, ఆయన ఉన్నాడని నమ్ముచున్నను ఆయనను కనుగొనలేకున్నాననియు అర్థము వచ్చునట్లు తెలిపెను. విశ్వాసము పోయినవాడు దేవుడు దొరకలేదని శోకింపడు. విశ్వాసము చాలినవాడు అంతటి చీకటిలో పడడని వాదించువారికి ఈ ఉత్తరము అడ్డుగా నిలుచును. ఆయనలో ఆ రెండును ఒక్క దేహమున కాపురముండినవి. నేడైనచో ఆయనను వైద్యుని యొద్దకు కొనిపోవుదురు. నిద్రకు, ఆకలికి, ఆలోచనకు వచ్చిన మార్పును అడిగి తెలిసికొని ఔషధమిత్తురు. నాటి మోల్మీనులో ఆ దారి లేదు. దేవునితో తప్ప ఎవరితోను మాటలాడక ఒంటరిగా తెగించి వెదకుటయే మందని ఆయన తలచెను. ఆ మందే వ్యాధిని పెంచెను.

ఆ అడవి దినములలో ఒక చిన్న సంగతి జరిగెను. రెండవనాడు ఆయన తన చోటికి పోయి చూడగా, అచ్చట వెదురుతో అల్లిన పీట యొకటి యుండెను. పైన కొమ్మలను వంచి పందిరివలె కట్టియుండిరి. ఎవరు చేసిరో ఆయనకు తెలియరాలేదు. బర్మా సంఘపు పరిచారకుడొకడు, పులుల భయము లేనివాడు కాకున్నను, గురువు లేని వేళ చూచి రహస్యముగా వచ్చి కట్టిపోయెనని తరువాత జీవిత చరిత్రకారులు వ్రాసిరి. ఆ పరిచారకుడు గురువునకు బోధ చేయలేదు. అడవికి పోవలదని వాదింపలేదు. విశ్వాసము చాలలేదని నిందింపలేదు. కూర్చుండుటకు పీట, తలపై నీడ ఏర్పరచి ఊరకున్నాడు. ఆ మూడేండ్లలో జడ్సనునకు ఇతరులు చేసిన మేళ్లలో దీనికంటె గొప్పది కనబడదు.

ఆయన ఆ గోతినుండి ఒక్క దినమున లేచిరాలేదు. తమ్ముడు ఎల్నాథన్ 1829 మే నెలలో అమెరికాలో మరణించెను. అన్న బయలుదేరిననాడు వారిద్దరును దారిలో గుఱ్ఱములు దిగి మంచులో మోకరించి ప్రార్థించిరి. ఆ తమ్ముని విశ్వాసము ఎట్లున్నదో యని ఇన్నేండ్లు అన్నకు సందేహము. చివరి ఘడియలలో ఆతడు నెమ్మదితో కన్నుమూసెనను వార్త వచ్చెను. దుఃఖవార్తయే యైనను అది మనస్సున కొంత ముడి విప్పెను. వేడ్ దంపతులు, బోర్డ్‌మన్ దంపతులు ఆయనను విడువలేదు. 1830లో ఆయన మోల్మీను విడిచి, నదిపై ప్రోమ్ పట్టణమునకు పోయి, కొన్ని నెలలు జనుల నడుమ కూర్చుండి మాటలాడెను. అచ్చట ఫలితము స్వల్పమే. కాని గోయి దూరమయ్యెను. 1831లో రంగూనులో శ్వేదగోను పగోడా ఉత్సవమునకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చి, ఆయన యింటికి నడచివచ్చి కరపత్రములు అడిగిరి. అడిగినవారికి మాత్రమే యిచ్చుచు సుమారు పదివేలు పంచెను. తరువాత కరెన్ల అడవి గ్రామములకు పోయెను. ఈ మారు అడవికి పోయినది ఒంటరితనము కొరకు కాదు.

అన్నిటికంటె ఎక్కువగా ఆయనను నిలిపినది పాత నిబంధన యనువాదము. దినమునకు ఇరువదియైదు, ముప్పది వచనముల చొప్పున చేసినచో రెండేండ్లలో ముగియునని లెక్క వేసికొనెను. ఇతర పనులు తగ్గించి, గదిలో కూర్చుండి హీబ్రూ మూలము నుండి బర్మా భాషకు ఒక్కొక్క వచనమునే దాటించెను. మనస్సు బాగున్న దినమున ముప్పది, బాగులేని దినమున ఇరువదియైదు. గోతియొడ్డున అనంతమును గూర్చి తలచినవాడు, ఇప్పుడు ఈ దినపు వచనములను గూర్చి తలచెను. క్రియాపదమెచ్చట నుండవలెను, ఈ మాటకు పాళీనుండి వచ్చిన శబ్దము తగునా, పల్లెవాని మాట తగునా యను విచారణలో మనస్సునకు తన్నుతాను తొలుచుకొను తీరిక తగ్గెను. భాషతో పని చేసినవారికి ఈ చికిత్స సంగతి తెలియును. 1834 జనవరి 31న చివరి పుటను చేత పట్టుకొని మోకరించెను. ఆ యనువాదము నేటికిని బర్మా క్రైస్తవులు చదువుచున్నారు.

ఆ ఏప్రిల్‌లో ఆయన, జార్జి బోర్డ్‌మన్ మరణింపగా వితంతువైన సారాను వివాహమాడెను. ఎనమండుగురు బిడ్డలు పుట్టిరి, వారిలో కొందరు పసితనమున పోయిరి. 1845లో రోగియైన సారాను అమెరికాకు కొనిపోవుచుండగా ఆమె సెయింట్ హెలీనా రేవున సెప్టెంబరు 1న మరణించెను. ముప్పదిమూడేండ్లకు స్వదేశము చేరినవాడు భార్య లేక చేరెను. దుఃఖము ఈ మారు తక్కువది కాదు. కాని ఆయన గోయి త్రవ్వలేదు. జనులలో తిరిగెను, మరుసటి యేడు ఎమిలీ చబ్బక్ అను రచయిత్రిని వివాహమాడి మోల్మీనునకు తిరిగివచ్చి, నిఘంటువు పనిలో కూర్చుండెను.

ఈ కథకును తెలుగు దేశమునకును సంబంధము మద్రాసు రేవుతో ముగియలేదు. 1819 చివర జడ్సనుతో ఆవా రాజసభకు పోయిన జేమ్స్ కోల్మన్ అను యువకుడు 1822లో మరణించెను. ఆతని భార్య ఎలిజబెత్, ఒరిస్సాలో పనిచేయుచుండిన ఆమోస్ సట్టన్‌ను తరువాత పెండ్లాడెను. ఆమె మూలమున సట్టన్‌కు అమెరికా బాప్టిస్టులతో పరిచయము కలిగెను. 1835లో ఆయన అమెరికా పోయి తెలుగువారికి మిషనరీలను పంపుమని వారి మహాసభలో అడిగెను. ఆ యేడే బయలుదేరిన శామ్యూల్ డే 1836లో విశాఖపట్టణము చేరెను. 1840లో నెల్లూరున స్థిరపడెను. అచ్చటి పని పిదప ఒంగోలునకును, తరువాత హనుమకొండకును వ్యాపించెను.

1849 చివర జడ్సను జబ్బుపడెను. సముద్రపు గాలి మేలు చేయునన్న ఆశతో 1850 ఏప్రిల్‌లో మోల్మీనున ఒక ఫ్రెంచి ఓడ యెక్కించిరి. నిండు గర్భిణియైన ఎమిలీ వెంట పోలేకపోయెను. ఏప్రిల్ 12న బంగాళాఖాతముపై ఆయన మరణించెను. అదే సాయంకాలము దేహమును సముద్రమున విడిచిరి. పది దినములకు ఎమిలీ ప్రసవింప, బిడ్డ దక్కలేదు. భర్త పోయిన వార్త ఆమెకు నాలుగు నెలలకు గాని చేరలేదు. ఇంగ్లీషునుండి బర్మా భాషకు గల నిఘంటువును ఆయన తన చేతితోనే ముగించెను. బర్మా భాషనుండి ఇంగ్లీషునకు గల భాగము బల్లమీద సగములో నిలిచియుండెను. ఎడ్వర్డ్ స్టీవెన్స్ అను తోటి మిషనరీ ఆ కాగితములను తీసికొని, ఆయన ఆపిన మాటనుండి మొదలిడి, 1852లో అచ్చు వేయించెను.